సీసం అక్షరాల పెళ్లి కార్డు

మా వీధిలో ముప్పై ఏళ్లుగా జరిగిన పెళ్లిళ్లన్నీ, పందిట్లో జరగడానికి నెల ముందే, యేసుపాదం వేళ్ల మధ్య జరిగిపోయేవి. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురి పేరు, వేళ, విందు, అన్నీ సీసం అక్షరాలే. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్కటీ ఏరి, ఎడమ చేతిలోని స్టిక్కు అనే చిన్న ఇనుప తొట్టిలో వరసగా నిలబెట్టేవాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి వెళ్లే దారిలో త్రినాధరావు గారి ప్రెస్సు ఉంది. యేసుపాదం అందులో కంపోజిటరు. మా ఎదురిల్లే వాళ్లది. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడు, నన్ను అక్కా అని పిలుస్తాడు.

నేను చదివింది అయిదో తరగతి. అయినా ఊళ్లో ఎవరి పెళ్లి ఎవరితో కుదిరిందో పురోహితుడి కంటే ముందు నాకు తెలిసేదంటే అది అతని పుణ్యమే. సాయంత్రం అతను సైకిలు దిగే వేళకి నేను గుమ్మంలో ఉండేదాన్ని.

"ఇయ్యాల ఎవులిదిరా కార్డు?"

"సెప్పకూడదక్కా. పంచేదాకా అది ప్రెస్సు రహస్యం."

"పోనీ ఇంటిపేరు ఒక్కటీ సెప్పు."

"ఇంటిపేరు సెప్తే పెళ్లి ఏ పూటో కూడా నువ్వే నాకు సెప్పేత్తావు."

చెప్పేవాడు కాదు. కానీ అతని వేళ్లు చూస్తే నాకు సగం తెలిసిపోయేది. ఎర్ర సిరా అంటుకుంటే శుభలేఖ, నల్ల సిరా అయితే దినం కార్డు. అక్షరాలని అద్దంలో బొమ్మలాగా తిరగేసి చదవడం అలవాటై, మామూలు పేపరు చదివేటప్పుడు కళ్లు నొప్పి అనేవాడు. మన వైపు అప్పలకొండలూ అప్పలనాయుళ్లూ ఎక్కువ కదా, వాళ్ల ప్రెస్సులో మిగతా అక్షరాలన్నీ నిగనిగలాడుతుంటే, 'ప్ప' మాత్రం అరిగి బోడి గుండు అయిపోయిందట. ఆ కబురు చెప్పి తనే నవ్వేవాడు. అతను గట్టిగా నవ్వడం నేను చూసింది అలాంటి మాటలకే. మిగతా రోజంతా నోట్లో నాలుక లేని మనిషి. వాళ్లావిడ రోజలిన్ ఆ లోటు పూడ్చేది.

అలాంటి యేసుపాదం రెండు వేల నాలుగు ఏప్రిల్‌లో ఒక సోమవారం పొద్దున్నే, నేను ముగ్గు వేస్తుండగా, తనంతట తానే వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"అక్కా, ఇయ్యాల నువ్వడక్కుండానే సెప్తన్నాను. మా షెకీనా పెళ్లి కార్డు."

ముగ్గు చిప్ప అక్కడే వదిలేశాను. షెకీనా వాళ్ల ఒక్కగానొక్క పిల్ల. పరవాడలో మందుల కంపెనీ ల్యాబులో పని. పొద్దున ఆరున్నరకి కంపెనీ బస్సెక్కితే సాయంత్రం దిగుతుంది. రావికమతం సంబంధం చూస్తున్నారని నాకు తెలుసు. పిల్లవాడు రోనాల్డ్, అదే కంపెనీలో స్టోర్సులో ఉంటాడు. అతని తండ్రి జాకబ్ మాస్టారు, బడిలో రిటైరై, అక్కడి చర్చిలో సంఘ పెద్దగా ఉంటున్నాడు. ముందు రోజే మాట ఖాయమైందట. మే నెలలో పెళ్లి. వచ్చే ఆదివారమే రావికమతం చర్చిలో పెళ్లి ప్రకటన చదువుతారు. ఆ రోజే మొదటి కార్డు మాస్టారి చేతికి అందాలి.

"ఆయన కట్నాలూ కానుకలూ ఏటీ అడగలేదక్కా. ఒక్కటే అడిగేరు. 'కార్డు తల మీద బైబిలు వాక్యం ఉండాల బావగారూ, మిగతాదంతా మీ ఇష్టం' అన్నారు."

"అదెంతసేపురా నీకు! నీ సేతిలో పనే కదా."

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. త్రినాధరావు గారు కంప్యూటరు కొన్నాడు. యేసుపాదాన్ని పనిలోంచి తీసేయడం లేదు, కాగితం కటింగూ బైండింగూ తప్పులు దిద్దడమూ చూసుకోమన్నాడు. కానీ సీసం అక్షరాలన్నీ శనివారం నాడు తుక్కు కొనే ఎర్రయ్యకి తూచి ఇచ్చేస్తున్నాడు.

"నా పెళ్లికి కార్డు లేదక్కా. చర్చిలో సెప్పేరు, అంతే. ఊరందరికీ కొట్టేను. శనివారం లోపల నా బిడ్డకి నా సేత్తో ఒక్క కార్డు కొట్టాల. తరవాత ఆ టైపు ఉంటాదా, నేనుంటానా."

"నువ్వుంటావులే, ముందు కాఫీ తాగు" అన్నాను. కానీ అతని గొంతు విన్నాక నాకే ఆత్రం పుట్టింది. ఆరు రోజులు! అంత పెళ్లి కబురు విని ఇంట్లో కూర్చోవడం నావల్ల అవుతుందా? మర్నాడు షెకీనాకి సెలవు. నలుగురం కలిసి మెయిన్ రోడ్డులో కార్డుల కొట్టుకి బయల్దేరాం. నన్ను ఎవరూ రమ్మనలేదని రోజలిన్ ఇప్పటికీ అంటుంది. రావద్దని కూడా ఎవరూ అనలేదు.

ఆ కొట్టు మేడ మీద. మెట్లెక్కగానే కొత్త కాగితం వాసన, దానికి తోడు అత్తరు వాసన. వాసన వచ్చే కార్డులట! షాపాయన పెళ్లి ఫొటోల ఆల్బమంత పుస్తకాలు తెచ్చి మా ముందు పడేశాడు. తెరిస్తే లోపల పల్లకీ లేచి నిలబడే కార్డు. విప్పితే తామర పువ్వులా విచ్చుకునే కార్డు. రాజుల కాలంలో లాగా గొట్టంలో చుట్టిన కార్డు. మూత తీస్తే సన్నాయి పాట వచ్చే కార్డు ఒకటి చూసి నేను నాలుగుసార్లు మూసి తెరిచాను.

"మామ్మగారూ, బ్యాటరీ అయిపోద్దండి" అన్నాడు షాపాయన.

"అయిపోతే నీది కొత్తది వేసుకో. పెళ్లివోరు సూసుకోవద్దేటి?"

ఏ కార్డు తిప్పినా అట్ట మీద వినాయకుడే. షెకీనా మెల్లిగా "వినాయకుడు లేనివి ఉన్నాయాండీ?" అని అడిగింది. షాపాయన నాలుక కరుచుకుని, కింది అరలోంచి వేరే కట్టలు తీశాడు. పావురాలు, గంటలు, గులాబీలు. అందులో ఒకటి తీయగానే మేం ముగ్గురం ఆడవాళ్లం ఒక్కసారే ఊపిరి పీల్చాం. మీగడ రంగు కార్డు. అంచులు లేసులాగా కత్తిరించి ఉన్నాయి. పైన రెండు ఉంగరాలు ఒకదాన్లో ఒకటి, రంగు లేకుండా కాగితమే ఉబ్బెత్తుగా.

"ఇదే" అంది షెకీనా.

"సెకండు కూడా ఆలోచించవా?" అంది రోజలిన్. "సీరకి నాలుగు గంటలు తిప్పుతావు."

"రోనాల్డ్‌ని చూసి ఎంతసేపు ఆలోచించానమ్మా?"

రోజలిన్ మిగతా కట్టలన్నీ షాపాయన వైపు తోసేసింది.

"ఇవి నాలుగొందలే ఉన్నాయి. ఈ మోడలు మళ్లీ రాదు" అన్నాడు షాపాయన. "మేటరు ఇచ్చేసి వెళ్లండి. లోపల కంప్యూటర్లో కొట్టి ఎల్లుండికి ఇచ్చేత్తాం. మీకు ఏ రకం అక్షరం కావాలంటే అది."

ఆ మాటకి నేను యేసుపాదం వైపు చూశాను. అతను ఎవరిదో అచ్చయిన కార్డు చేతిలో పట్టుకుని, బొటనవేలితో అక్షరాల మీద రాస్తున్నాడు. వెనక్కి తిప్పి మళ్లీ రాశాడు.

"ఏటి నాన్నా సూత్తన్నావు?" అంది షెకీనా.

"ఏటీ లేదమ్మా. బాగుంది. ఏలికి తగల్లేదు, అంతే."

"ఏటి తగల్లేదు?"

"అచ్చు. సీసం అక్షరమైతే కాయితంలోకి కొంచెం దిగుద్ది. కళ్లు లేనోడికి కూడా ఏలికి తెలుత్తాది. ఇది పైన పూసినట్టుంది." అని, తప్పు మాట ఏదో అన్నట్టు కార్డు అక్కడ పెట్టేశాడు. "నీకేది ఇష్టమైతే అదే కొట్టించుకో తల్లీ. మీ కంపెనీలో అందరూ సూత్తారు."

షెకీనా కార్డుని చూసింది, తండ్రి నల్లటి బొటనవేలిని చూసింది.

"అన్నా, ఖాళీ కార్డులే కట్టెయ్యండి. కార్డు నాది, అక్షరాలు మా నాన్నవి."

మెట్లు దిగేటప్పుడు యేసుపాదం ఆ కట్ట రెండు చేతులా, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు. సైకిలు ఎవరు నడిపించారంటారా? నేనే.

ఇక బుధవారం నుంచి ఆ ప్రెస్సు ముందు నాకు ఏదో ఒక పని తగులుతూనే ఉంది. ఒకసారి కొత్తిమీర, ఒకసారి తపాలా బిళ్లలు. లోపలికి తొంగి చూస్తే యేసుపాదం నడుం వంచి, అరల్లో గాలించి అరగని అక్షరాలే ఏరుతున్నాడు. 'షె' ఒకటి తీసి వెలుగులో తిప్పి, నచ్చక ఇంకొకటి తీశాడు. త్రినాధరావు గారు కుర్చీలో కూర్చుని ఎత్తిపొడుస్తున్నాడు.

"ఏమయ్యా యేసుపాదం, గంటకి రెండు కార్డులు కూర్చేవాడివి. దీనికి రెండు రోజులా? జీతం ఎవరిస్తారు, పెళ్లికొడుకా?"

"ఇది కూలికి సేసే పని కాదండి" అన్నాడు యేసుపాదం, తల ఎత్తకుండానే.

"లక్ష్మమ్మగారూ, లోపలికి రండి. ఆ కొత్తిమీర అప్పుడే వాడిపోయింది" అన్నాడు త్రినాధరావు గారు నాతో. ఆయనకీ నోరు తక్కువేం కాదు.

యేసుపాదం అన్నిటికంటే ముందు వాక్యం కూర్చాడు. షెకీనా ఎంచి రాసిచ్చిన, ప్రేమ గురించిన వాక్యం. దాన్ని దారంతో గట్టిగా కట్టి, జాగ్రత్తగా ఉండాలని కిటికీ గూట్లో పెట్టాడు. తరవాత పేర్లు, తేదీ, చర్చి, విందు. గురువారం మధ్యాహ్నం కాగితం మీద ప్రూఫు తీసుకుని భోజనానికి ఇంటికొచ్చాడు. షెకీనా డ్యూటీలో ఉంది. రోజలిన్‌కి చదువు రాదు. ఇంక మిగిలింది ఎవరు?

కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాను. షెకీనా పేరు, రోనాల్డ్ పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ, వారం. వారం సరిపోయిందో లేదో మా ఇంటి క్యాలెండరు తెచ్చి మరీ చూశాను. మధ్యాహ్నం విందు, చర్చి పేరు, బస్సు స్టాపు నుంచి దారి. మూడుసార్లు చదివాను. మొదటిసారి పైకి, రెండోసారి లోపల, మూడోసారి వేలు పెట్టి.

"ఒక్క తప్పు లేదురా. సూడముచ్చటగా ఉంది. కార్డంటే ఇదీ" అన్నాను.

"నువ్వన్నావంటే ఇంకేటి కావాలక్కా" అని అన్నం కూడా సగంలో వదిలి వెళ్లిపోయాడు.

శుక్రవారం సాయంత్రానికి నాలుగొందలూ అచ్చయి ఇంటికొచ్చాయి. మెరూన్ సిరా, మీగడ కార్డు. వేలు పెడితే ప్రతి అక్షరం గుచ్చినట్టు తెలుస్తోంది. రోజలిన్ ఒక కార్డు ముద్దు పెట్టుకుని, మంచం మీద కొత్త దుప్పటి పరిచి వాటిని పేర్చింది. నేను అరిసెలు తెచ్చాను. కంపెనీ బస్సు దిగిన షెకీనా చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చి పై కార్డు తీసింది. మేం ముగ్గురం దాని మొహం వైపే చూస్తున్నాం.

మొదట నవ్వింది. తరవాత నవ్వు అక్కడే ఆగిపోయింది.

"నాన్నా, వాక్యం ఏదీ?"

"పైన ఉంది కదమ్మా."

షెకీనా కార్డు తండ్రికి ఇచ్చింది. అతను చూశాడు. చూసిన మనిషి చూసినట్టే గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. నేను లాక్కుని చూశాను. తల మీద, నడి మధ్యన, ఎంతో అందంగా ఉంది: శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు.

ఆ లైను ఎలా వచ్చిందో యేసుపాదం చెప్పకపోయినా నాకు అర్థమైంది. ఆ ప్రెస్సులో శుభలేఖల కోసం ఆ లైను ఎప్పుడూ కట్టి సిద్ధంగా ఉంటుంది. ఎన్నిసార్లని కూరుస్తారు? కార్డు కూర్చడం అయిపోగానే గూట్లోంచి ఆ లైను తీసి తల మీద పెట్టడం, బిగించడం. ముప్పై ఏళ్లుగా చెయ్యి చేస్తున్న పని. షెకీనా వాక్యం కూడా ఆ గూట్లోనే, దాని పక్కనే ఉంది. కళ్లేమో కూతురి పేరు మీద ఉన్నాయి. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

మరి నేను? మూడుసార్లు చదివిన దాన్ని! ఆ లైను నాకు కనబడకపోవడమా? కనబడింది. ఎప్పుడూ ఉండే చోటే ఉంది. గుమ్మానికి పసుపు ఉందని ఎవరైనా తప్పు పడతారా? నేను దాని కింద నుంచి చదవడం మొదలెట్టాను.

"పాతిక కళ్లజోళ్లు పెట్టుకు సదివేవు కదే వొదినా!" అంది రోజలిన్ నాతో.

"నీ మొగుడు కొట్టేడు, నేను సదివేను. నువ్వు మాత్రం ముద్దు పెట్టుకోలేదేటి?"

ఇద్దరం ఏడవబోయి నవ్వాం. యేసుపాదం నవ్వలేదు.

"ఆయన ఒక్కటే అడిగేరు" అన్నాడు. "ఒక్కటి."

"పోనీలే నాన్నా" అంది షెకీనా, అతని పక్కన కూర్చుని. "రేపు ఆ కొట్లో వేరే కార్డులు తీసుకుని కంప్యూటర్లో కొట్టించేద్దాం. బతిమాలితే ఆదివారానికి ఒక్కటైనా అందుతుంది. మాస్టారు గారికేం తెలుస్తుంది?"

అతను తల ఊపాడు. ఆ తల ఊపడం చూడలేకపోయాను నేను. సోమవారం పొద్దున నా ముగ్గు ముందు నిలబడిన మనిషి కాదు. మంచం మీద నాలుగొందల కార్డులు, ఒక్క లైను తప్ప అన్నీ అతను కోరుకున్నట్టే ఉన్నాయి.

నాకు ఏమీ తోచక ఆ లైను మీద వేలు పెట్టి కప్పి చూశాను. వేలు తీశాను. మళ్లీ పెట్టాను.

"ఒరే, మా పెద్దమ్మాయి పట్టుసీర మీద సాంబారు మరక పడితే ఏటి సేసేనో తెలుసా? సీర పారీలేదు. మరక మీద జరీ పట్టీ కుట్టించేను. అందరూ కొత్త మోడలు అనుకున్నారు. దీని మీద ఏదైనా పట్టీ కొట్టలేవేటి?"

యేసుపాదం తల ఎత్తాడు.

"మామూలు సిరా కొడితే అడుగున అక్షరం కనబడిపోద్దక్కా" అన్నాడు. కార్డు దగ్గరికి తీసుకుని, "బంగారం పొడి అయితే కనబడదు" అన్నాడు. ఆ మాట అంటూనే లేచి నిలబడ్డాడు. "పూర్వం బెల్లం షావుకార్లు బంగారపు కార్డులు కొట్టించీవోరు. సీసా ఒకటి మిగిలిపోయింది. బీరువా మీద! సున్నం డబ్బా ఎనకాల!"

"టైపు రేపు తూచేత్తారు కదా నాన్నా?"

"తూచనీ! పట్టీకి అక్షరాలెందుకు? వాక్యం కట్టేసి గూట్లో ఉంది. నాకింక ఏ అక్షరంతోనూ పని లేదు."

శనివారం ఏడింటికే ప్రెస్సు తలుపులు తెరిపించాం. త్రినాధరావు గారు సంగతంతా విని, కార్డు చూసి, నన్ను చూసి, "ప్రూఫురీడరు గారూ, రండి రండి" అన్నాడు. కానీ సీసా తీసి తుడిచి ఇచ్చింది కూడా ఆయనే. పూర్వం ఏదో బెల్లం కొట్టు లేబులు కోసం చెక్కించిన చెక్క దిమ్మ ఒకటి ఉంటే, దాని వెనక భాగం నున్నగా గీసి, మూడు లైన్లంత పట్టీ తయారు చేశాడు యేసుపాదం. దాన్ని మిషనులో బిగించి, జిగురు లాంటి పసుపు సిరా రాసి, కాలితో తొక్కడం మొదలెట్టాడు. ధడక్, ధడక్. ఒక్కో కార్డు లోపలికి వెళ్లడం, శ్రీరస్తు మీద పసుపు పట్టీతో బయటికి రావడం.

అది తడిగా ఉండగానే మేం పొడి అద్దాలి. రోజలిన్, షెకీనా, నేను బల్ల చుట్టూ దూది ఉండలు పట్టుకుని కూర్చున్నాం. దూదిని పొడిలో ముంచి పట్టీ మీద సుతారంగా రాస్తే, పసుపు కాస్తా బంగారం అయిపోయేది. మిగిలింది ఉఫ్ అని ఊదెయ్యాలి. ఊదితే ఎదుటివాళ్ల మొహం మీద పడేది. పావుగంటలో రోజలిన్ ముక్కు బంగారం, నా కనుబొమలు బంగారం. షెకీనా జుట్టంతా మెరిసిపోతోంది.

"ఇప్పుడే పెళ్లికళ వచ్చేసింది పిల్లకి" అన్నాను.

"నీకూ వచ్చింది అత్తా. మావయ్య గుర్తుపట్టరు ఇవాళ."

పదింటికి ఎర్రయ్య తూకం రాళ్లతో, గోనె సంచులతో, తొక్కుడు రిక్షాతో వచ్చాడు. గుమ్మంలో ఆగి మమ్మల్ని చూసి భయపడ్డాడు.

"ఏటి బాబూ, నాటకమా?"

"పెళ్లి" అన్నాడు త్రినాధరావు గారు. "నువ్వు పెరట్లో పాత కాయితాలు ముందు తూచుకో. ఆ మిషను దగ్గరికి రాకు."

కార్డులన్నీ పెరట్లో దండేల మీద ఆరేశాం. ఏప్రిల్ ఎండ ఆ రోజు మా పనిమనిషిలాగా పని చేసింది. అవి ఆరేలోగా ఎర్రయ్య అరలు ఒక్కొక్కటే తీసి సంచిలోకి వంపాడు. సీసం అక్షరాలు జారుతుంటే జోరువాన రేకుల మీద పడినట్టు చప్పుడు. యేసుపాదం ఒక్కసారి ఆగి ఆ చప్పుడు విన్నాడు. 'ప్ప' అర వంతు వచ్చినప్పుడు, "అది తూకానికి తేలిగ్గా వత్తాది ఎర్రయ్యా, అరిగిపోయింది" అన్నాడు. తరవాత వెనక్కి తిరిగి, కిటికీ గూట్లోంచి వాక్యం తీసుకుని, నాలుగు వైపులా ముట్టుకుని చూసి, మిషనులో బిగించాడు.

ఈసారి ప్రూఫు షెకీనా చదివింది. నన్ను చదవనివ్వలేదు.

బంగారం మీద మెరూన్ అక్షరాలు పడ్డాయి. మొదటి కార్డు చేతిలోకి తీసుకోగానే షెకీనా గట్టిగా కేక పెట్టింది, ఎర్రయ్య తక్కెడ వదిలేసి పరుగెత్తుకొచ్చేంత కేక. అలాంటి కార్డు మెయిన్ రోడ్డు మేడ మీద ఏ ఆల్బములోనూ లేదు. త్రినాధరావు గారు కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "ఇన్నాళ్లూ ఈ పని ఎక్కడ దాచావయ్యా?" అన్నాడు. అంతా అయ్యాక ఆయనే, మిషనులోంచి విప్పిన శ్రీరస్తు లైను దారంతో సహా తీసి, ఎర్రయ్య సంచిలో వెయ్యకుండా యేసుపాదం జేబులో పడేశాడు.

ఆదివారం రావికమతం జీపులో నాకూ చోటు దొరికింది. చర్చిలో ఆరాధన మొదలవకముందే జాకబ్ మాస్టారు మెట్ల మీద ఎదురొచ్చారు. పొడుగాటి మనిషి, తెల్లటి పంచె, చేతిలో గొడుగు. యేసుపాదం మొదటి కార్డు రెండు చేతులా అందించాడు. మాస్టారు విప్పారు. బంగారం ఎండకి తళుక్కుమంది. వాక్యం పైకి చదివారు, బడిలో పాఠం చదివినట్టు.

"అద్భుతం బావగారూ! తల మీద కిరీటం పెట్టినట్టుంది."

యేసుపాదం మొహం వెలిగింది. మాస్టారు మెచ్చుకుంటూ ఆ పట్టీని బొటనవేలితో నిమిరారు. వేలు ఆగింది. మళ్లీ నిమిరారు. కార్డు వెనక్కి తిప్పి అక్కడా నిమిరారు.

"కింద ఇంకేదో ఉన్నట్టుందే?"

ఆ క్షణంలో నేనైతే పువ్వుల బోర్డరనో మరోటనో పది అబద్ధాలు చెప్పేదాన్ని. నోరు కూడా తెరిచాను. యేసుపాదం నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉందండి బావగారూ. శ్రీరస్తు శుభమస్తు. మీరు అడిగింది ఒక్కటే. అదే మరిచిపోయేను. ముప్పై ఏళ్ల అలవాటు, చెయ్యి పెట్టేసింది. పైన బంగారం పూసేను. వద్దంటే ఇయి పట్టుకెళ్లిపోతాను, వేరేవి కొట్టిత్తాను."

మాస్టారు గొడుగు గోడకి ఆనించారు. రోజలిన్ షెకీనా చెయ్యి పట్టుకుంది. ఆయన భుజాలు కదులుతున్నాయి. కోపమేమో అనుకున్నాను. నవ్వు!

"బావగారూ, నేను రిటైరైన కొత్తలో పాస్టరు గారు ఇక్కడ నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. కళ్లు మూసుకుని చక్కగా చేశాను. ఆమెన్ అన్నాను. అని, కళ్లు తెరిచి, 'రోల్ నంబరు ఒకటి' అన్నాను. సంఘమంతటి ముందు. వెనక బెంచీలోంచి మా శిష్యుడొకడు 'ప్రెజెంట్ సార్' అన్నాడు కూడా. ముప్పై మూడేళ్ల అలవాటు. ఈ సంఘం నన్ను ఏమైనా చేసిందా?"

యేసుపాదం నవ్వాడు. 'ప్ప' అరిగిపోయిన కబురు చెప్పేటప్పుడు నవ్వే నవ్వు, గట్టిగా, చర్చి మెట్ల మీద. మాస్టారు ఆ కార్డు జేబులో పెట్టుకోకుండా పైకెత్తి పట్టుకుని లోపలికి నడిచారు. పాస్టరు గారు ప్రకటన చదువుతున్నంతసేపూ ఆయన బొటనవేలు ఆ పట్టీ మీదే ఉంది. నేను చూశాను. చూడకుండా ఎలా ఉంటాను?

తిరిగి వచ్చేటప్పుడు జీపులో యేసుపాదం జేబులోంచి ఆ సీసం లైను తీసి నా దోసిట్లో పెట్టాడు.

"ఇది నీ కాడ ఉండాలక్కా. మా ఇంట్లో ఇంక పెళ్లిళ్లు లేవు, నీకు మనవరాళ్లున్నారు. కానీ కార్డు సంగతి వీధిలో ఎవులికీ సెప్పకు."

"ప్రెస్సు రహస్యం. నాకు తెలీదేటి?" అన్నాను.

ఆ వారంలో మా వీధిలో ఇరవై రెండు ఇళ్లకి ఆ కార్డు వెళ్లింది. అందుకున్న ప్రతి ఇల్లాలూ ఇప్పటికీ దాన్ని బీరువాలో దాచుకుంది, అప్పుడప్పుడూ తీసి బంగారు పట్టీ మీద బొటనవేలితో నిమురుతుంది. వాళ్లకెలా తెలిసిందంటారా? ఎవరికీ చెప్పొద్దని ఒక్కొక్కరికీ విడివిడిగా నేనే చెప్పాను. పంచేదాకానే కదా రహస్యం అన్నాడు యేసుపాదం. పంచేశారుగా!